ఏడు వాయిల పళ్ల టాఫీ: కొన్నవాటిలో ఏది పనికొచ్చింది, ఏది దండగైంది

కిందటి డిసెంబరులో న్యూజెర్సీ నుంచి వచ్చిన మా ఆడపడుచు, అక్కడి సముద్రతీరాన ఉన్న అట్లాంటిక్ సిటీలో కొన్న సాల్ట్ వాటర్ టాఫీ పెట్టె ఒకటి తెచ్చారు. పిల్లలు రెండు రోజుల్లో దాన్ని ఖాళీ చేసి మళ్లీ కావాలన్నారు. ఇక్కడ దిగుమతి సరుకుగా దొరికే చిన్న పొట్లం ధర చూశాక కొనడానికి నాకు మనసు ఒప్పలేదు. అందుకని హైదరాబాదులోని మా వంటింట్లోనే చేయాలని నిర్ణయించుకుని, డిసెంబరు మొదలు జూలై వరకు ఏడు వాయిలు వండాను. ఆ పనికోసం నా డబ్బుతో కొన్న సామగ్రిలో ఏది ఖర్చుకు తగినట్టుగా ఉన్నదో, ఏది లేకపోయినా గడిచేదో ఇక్కడ వివరిస్తున్నాను. కొన్న ధరలన్నీ నేను చెల్లించినవే కాబట్టి మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూగా ఉండవచ్చు.

టాఫీ అంటే మనకు తెలియని పదార్థమేమీ కాదు. తిరునాళ్లలో అమ్మే నువ్వుల జీళ్లు కూడా ఈ జాతివే. పాకాన్ని రాతి మీద పోసి, చల్లారుతుండగా కొక్కేనికి తగిలించి, లాగి మడిచి మళ్లీ లాగితే అందులోకి గాలి చేరి, రంగు తేలి, గట్టి గాజుముక్కలా మారవలసిన పాకం పంటికింద సాగేదిగా తయారవుతుంది. అట్లాంటిక్ సిటీ సరుకులో తేడా ఏమిటంటే, బెల్లానికి బదులు పంచదార, మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజు పాకం, కొంచెం వెన్న, పళ్ల వాసన ఉంటాయి. పేరులో ఉప్పునీరు ఉన్నప్పటికీ సముద్రపు నీటితో దానికి సంబంధం లేదు. 1883లో ఉప్పెన ఒక మిఠాయి దుకాణంలోకి వచ్చి సరుకును తడిపేయగా, యజమాని వేళాకోళానికి అన్న మాట పేరుగా స్థిరపడిందని అక్కడివారు కథగా చెప్పుకుంటారు.

ఒక వాయికి నేను నిలబెట్టుకున్న కొలత ఇది: పంచదార 400 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 200 గ్రాములు, నీళ్లు అరగ్లాసు, ఉప్పు కలిసిన వెన్న 25 గ్రాములు, దించిన తరువాత కలపడానికి నిమ్మ ఉప్పు ఒక చెంచా. దీనితో సుమారు 600 గ్రాముల టాఫీ, అంటే ఐదేసి గ్రాముల బిళ్లలు నూట ఇరవై వరకు వస్తాయి. ఈ సరుకులలో అంత ఖరీదైనదేదీ లేదు. ఖర్చంతా పనిముట్లలోనే ఉంది, నేను పొరపాట్లు చేసినది కూడా అక్కడే.

మొదటి పొరపాటు థర్మామీటరుతో జరిగింది. టాఫీ పాకాన్ని సముద్రమట్టం దగ్గర 121 నుంచి 127 డిగ్రీల మధ్య దించాలి. అంతకు తక్కువైతే ముద్ద నిలవకుండా జారిపోతుంది, ఎక్కువైతే పళ్లు విరిగే గట్టిబిళ్ల అవుతుంది. ఈ కొద్ది డిగ్రీలు దాటడానికి మంట మీద రెండు మూడు నిమిషాలు చాలు. ఆన్‌లైన్‌లో 260 రూపాయలకు దొరికిన ముల్లు తిరిగే థర్మామీటరును నమ్మి మొదటి వాయి మొదలుపెట్టాను. ముల్లు 116 దగ్గర ఉండగా మా అత్తగారు వచ్చి, చల్లటి నీళ్లున్న పళ్లెంలో ఒక చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసి, ‘అమ్మాయ్, ఉండపాకం దాటిపోతోంది, దించెయ్యి’ అన్నారు. నేను ముల్లు మాటే నమ్మాను. అది 122 చూపించేసరికి పాకం పళ్లేనికి కొడితే ఠంగుమనే స్థితికి వచ్చింది. వేరుశనగ అచ్చులకు అది కావలసిన పాకమే కానీ టాఫీకి కాదు. లాగబోతే చేతుల్లోనే పెళుసుగా విరిగింది.

తరువాత మరుగుతున్న నీటిలో ముంచి చూస్తే ఆ పరికరం 92 చూపించింది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీరు 100 డిగ్రీల దగ్గర కాక 98 ప్రాంతంలోనే మరుగుతుంది. ఆ లెక్కన చూసినా ఆరు డిగ్రీల తేడా ఉన్నట్టే. అమ్మినవారికి రాస్తే, గాజు పగలలేదు కాబట్టి తిరిగి తీసుకోబోమని జవాబిచ్చారు. ముల్లు తప్పు చూపించడం వారి దృష్టిలో లోపం కాదు కాబోలు. రెండోసారి 549 రూపాయలు పెట్టి సూదిమొన ఉన్న డిజిటల్ థర్మామీటరు కొన్నాను. అది మరుగునీటిలో 97.6 చూపించింది, ఈ వాడకానికి అది చాలు. దానిలోనూ లోపాలు లేకపోలేదు. అంకె నిలవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, బొత్తాం బ్యాటరీ అయిదు నెలలకే అయిపోయింది, సూదిమొన గిన్నె అడుగుకు తగిలితే పది డిగ్రీలు ఎక్కువ చెబుతుంది. అయినా మొత్తం పనిముట్లలో మళ్లీ కొనవలసి వస్తే నేను వెనకాడకుండా కొనేది ఇదొక్కటే.

కొన్నవారు మొదటి రోజే మరుగునీటి పరీక్ష చేసి, అక్కడ ఎంత చూపిస్తే 100 నుంచి అంత తగ్గించి, ఆ తేడాను పాకం అంకెలోంచి కూడా తీసివేయాలి. విజయవాడలోనో విశాఖలోనో 124 దగ్గర దించే పాకాన్ని హైదరాబాదులో 122 దగ్గరే దించాలి. పాకం చిక్కదనం అందులో మిగిలిన నీటిని బట్టి ఉంటుంది, ఎత్తు పెరిగినకొద్దీ నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. పరాయి దేశపు వంటకాల్లో రాసిన అంకెను యథాతథంగా పాటించి, ఎందుకు గట్టిపడిందా అని తలపట్టుకునేవారికి చాలాసార్లు కారణం ఇదే. థర్మామీటరు కొనే స్తోమత లేకపోతే అత్తగారి నీళ్లపళ్లెం ఉంది, అందుకు ఖర్చేమీ లేదు: నీటిలో వేసిన చుక్క గట్టి ఉండగా మారి, వేళ్ల మధ్య నొక్కితే మాత్రం కొంచెం లొంగాలి, ఠంగుమనే ముందే దించాలి. అయితే ఆ చేతివాటం అలవడడానికి ఎన్నో వాయిల పాకం పాడుచేసుకోవాలి. దానితో పోలిస్తే 549 రూపాయలు ఎక్కువనిపించలేదు.

గ్లూకోజు విషయానికి వస్తే, పొదుపు చేద్దామని రెండో వాయిలో దాన్ని మానేసి నిమ్మరసం పిండాను. పులుపుతో కలిపి మరిగిస్తే పంచదార కొంత గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోయి మళ్లీ గింజకట్టకుండా ఆగుతుంది, మన ఇళ్లలో పాకానికి నిమ్మచుక్క వేసేది అందుకే. కానీ ఎంత పులుపు, ఎంతసేపు మరగడం అన్నది అదుపులో ఉండదు. నేను రెండు చెంచాలు వేయగా పాకం విడిపోవడం ఎక్కువై, టాఫీ మరునాటికి చెమటపట్టి కాగితానికి అంటుకుపోయింది. బేగంబజారులో బేకరీ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో అరకిలో లిక్విడ్ గ్లూకోజు 90 రూపాయలకు దొరికింది. అది డబ్బాలోంచి తోడి పోసిన విడి సరుకు. పొట్లం మీద తయారైన తేదీ గానీ, లైసెన్సు సంఖ్య గానీ లేవు, అడిగితే అందరూ ఇదే కొంటారని సమాధానం వచ్చింది. వాడినప్పుడు రుచిలో తేడా కనిపించలేదు కానీ, పిల్లలు తినే పదార్థంలో పేరులేని సరుకు వేయడం నాకు నచ్చలేదు. తరువాత అదే వీధిలో సీలు వేసిన కిలో డబ్బా 190 రూపాయలకు తీసుకున్నాను. కిలో లెక్కన విడి సరుకుకన్నా పది రూపాయలే ఎక్కువ. ఆముదంకన్నా చిక్కగా ఉండే ఈ పాకాన్ని కొలవడానికి చెంచాను ముందు నీటిలో ముంచితే అంటకుండా జారుతుంది. బెల్లంలో సహజంగానే కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి కాబట్టే జీళ్లు చేసేవారికి దీని అవసరం పడలేదు. అంతకన్నా చవకగా చేయదలచినవారు బెల్లంతోనే చేయవచ్చు. అయితే బెల్లం వాసన ముందు నిమ్మ తప్ప మరే పండూ నిలబడదు.

నేను ఎక్కువగా నిరాశపడింది రుచి దగ్గరే. స్ట్రాబెర్రీ, మామిడి, అనాస, నారింజ ఎసెన్సులు ఇరవయ్యేసి మిల్లీలీటర్ల నాలుగు సీసాలు ఒక్కొక్కటి 45 రూపాయల చొప్పున కొన్నాను. స్ట్రాబెర్రీది దగ్గుమందులా ఉంది. మామిడిది పండు వాసన కాక, సగ్గుబియ్యం వడియాలకు పులిమిన రంగునీళ్లను గుర్తుచేసింది. అనాస మాత్రం చాలా బాగుంది, జూలైలో చేసిన ఏడో వాయికి ఇంట్లో అందరూ నూటికి నూరు మార్కులిచ్చారు. ఒకే కంపెనీ సీసాల్లో ఇంత తేడా రావడానికి కారణం రసాయనంలోనే ఉంది. అనాస, అరటి వంటి పళ్ల వాసనను ఎస్టర్లనే వాసన రసాయనాలు ఒకటి రెండింటితో దగ్గరగా తేగలరు. అరటికి ఐసోఅమైల్ అసిటేటు ఒక్కటే చాలావరకు సరిపోతుంది, అనాసకు ఇథైల్ బ్యూటిరేటు, అల్లైల్ హెక్సనోయేటు ప్రధానం. మామిడిది మాత్రం ఎన్నో పదార్థాల కలగలుపు, అందులోనూ బంగినపల్లికి ఒకటి, రసాలుకు ఒకటి. దాన్ని 45 రూపాయల సీసాలో పట్టడం సాధ్యం కాదు. కాబట్టి ఎసెన్సుతో చేసేవారు అనాస, అరటి కొనుక్కుని, మామిడి, స్ట్రాబెర్రీ జోలికి పోకపోవడం మంచిది. ఏది వేసినా పాకం మరుగుతుండగా వేయకూడదు, ఆవిరిలో సగం వాసన గదిలోకి పోతుంది. ముద్ద చేతికి తట్టుకునేంతగా చల్లారి, లాగడం మొదలుపెట్టాక చిలకరించాలి.

నాలుగో వాయిలో శరబతు పొడి వాడాను. అమెరికాలో ఇళ్లలో టాఫీ చేసేవారు ఇలాంటి పానీయపు పొడినే వాడతారని ఆడపడుచు చెప్పారు. రంగు, పులుపు, వాసన ఒకే పొట్లంలో వస్తాయి, ఖర్చు ఐదో పదో. కానీ అక్కడ చక్కెర కలపని పొట్లాలు దొరుకుతాయి, నేను కొన్నది చక్కెర కలిపినది. ఆ సన్నటి గింజలు చల్లారుతున్న పాకంలో పడితే విత్తనాల్లా పనిచేసి చుట్టూ ఉన్న పంచదారను గింజకట్టిస్తాయి. సాయంత్రం సాగిన టాఫీ తెల్లారేసరికి పాకుండలా పొడిపొడిగా విరిగింది. పిల్లలకు ఆ రకమే ఎక్కువ నచ్చిందనడం అటుంచి, కావలసినది అది కాదు. పొడినే వాడదలచినవారు ముందు దాన్ని ఒక చెంచా వేడినీటిలో పూర్తిగా కరిగించాలి.

మే నెలలో అసలైన మామిడి గుజ్జుతో చేయాలని ఒక వాయి తలపెట్టాను. గుజ్జు అడుగంటింది, దానిలోని పులుపు పంచదారను విడగొట్టింది, నూరు డిగ్రీలు దాటిన తరువాత మామిడి వాసన పోయి ఉడికిన కూర వాసన మిగిలింది. చాప మీద పొరలు పొరలుగా ఎండలో ఆరబెట్టే తాండ్రలో పండు వాసన నిలిచేది అది నిప్పు ముఖం చూడకపోవడం వల్లనేనని అప్పుడు అర్థమైంది. మామిడి టాఫీ తినాలనిపిస్తే ఆ డబ్బుతో తాండ్ర కొనుక్కోవడం మేలు.

ఈ ఏడింటిలో ఉత్తమమైనది ఫిబ్రవరిలో చేసిన కమలా టాఫీ. ఎసెన్సు వేయలేదు, పండు రసమూ వేయలేదు. రెండు కమలాలను బాగా కడిగి, ఒలవకముందే సన్నటి తురిమే పలకతో పైతొక్కను, తెల్లటి పొర రాకుండా తురిమాను. (ఒలిచిన తరువాత తురమాలంటే ఆ వదులు తొక్క వేళ్లకు దొరకదు, వేళ్ల చర్మమే పోతుంది.) తురుమును కరిగించిన వెన్నలో కలిపి, పాకం దించాక నిమ్మ ఉప్పుతో పాటు వేశాను. కమలా వాసనకు మూలం తొక్కలో ఉండే నూనె, అది వెన్నలో కరిగి నిలుస్తుంది. నాలుగు రోజుల తరువాత డబ్బా మూత తీసినా కమలా ఒలిచినట్టే ఉంది. ఖర్చు సున్న, లోపలి తొనలు ఎలాగూ తినేవే. బత్తాయి తొక్కతో ప్రయత్నిస్తే మాత్రం వాసన తక్కువ, చేదు ఎక్కువ అని తేలింది, నిమ్మతొక్క బాగుంటుంది. నిమ్మ ఉప్పు 100 గ్రాములు 35 రూపాయలకు కొన్నది ఏడు వాయిలు పూర్తయ్యాక కూడా సగానికి పైగా మిగిలింది. పళ్ల టాఫీలో పండు అనిపించేది సగం ఈ పులుపే అని నా అభిప్రాయం. అది లేని వాయిని కళ్లు మూసుకుని తింటే ఏ పండో ఎవరూ చెప్పలేకపోయారు.

పాకం పోయడానికని 320 రూపాయలు పెట్టి సిలికోన్ చాప కొన్నాను. దాని లోపమేమీ లేదు కానీ అవసరమూ లేదు. మన వంటింటి గ్రానైటు గట్టుకు నెయ్యి రాసి పోస్తే అంతకన్నా తొందరగా, సమంగా చల్లారుతుంది. జీళ్లు చేసేవారు రాతి మీద పోసేది ఇందుకే. అంచులు ముందు గట్టిపడతాయి కాబట్టి వాటిని గరిటెతో మధ్యలోకి మడుస్తూ ఉండాలి. పాకం ఒంటి మీద పడితే మరిగే నీటికన్నా ఎక్కువ కాలుతుంది, పైగా అతుక్కుంటుంది, అందుకని ముద్ద చేతికి తట్టుకునేవరకు పిల్లలను వంటింటి గడప దాటనీయలేదు. తరువాత చేతులకు వెన్న రాసుకుని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు లాగితే, పచ్చగా మెరిసే ముద్ద పాలరంగుకు తిరుగుతుంది. ఎంతకూ తెగని ధారావాహికలను జీడిపాకం అని మనవాళ్లు ఎందుకంటారో పదో నిమిషంలో భుజాలు చెబుతాయి.

ఇక కాగితం. టాఫీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి కోసిన వెంటనే ఒక్కొక్క బిళ్లనూ చుట్టాలి. బేకరీ దుకాణాల్లో బట్టర్ పేపర్ పేరుతో అమ్మే చుట్ట 120 రూపాయలు, మూడంగుళాల చదరాలుగా కత్తిరిస్తే నాలుగు వాయిలకు వస్తుంది, నాకు రెండు చుట్టలు పట్టాయి. వాయికి 30 రూపాయలన్నమాట, అంటే లోపల ఉన్న 18 రూపాయల పంచదారకన్నా పైన చుట్టిన కాగితానికే ఎక్కువయింది. తగ్గిద్దామని ఒకసారి జీళ్లలాగా వేయించిన నువ్వుల్లో దొర్లించాను. జనవరిలో బాగానే నిలిచాయి. జూలైలో అనాస వాయికి అదే చేస్తే గంటకే అన్నీ కలిసి ఒక ముద్దయ్యాయి, కత్తితో కోసుకుని తిన్నాము. వానాకాలంలో పాకాన్ని ఇంకో రెండు డిగ్రీలు ముదరనివ్వాలి, కాగితం తప్పనిసరి.

లెక్క చూస్తే వాయికి పంచదార 18, గ్లూకోజు 38, వెన్న 15, నిమ్మ ఉప్పు 2, కాగితం 30, మొత్తం 103 రూపాయలు. గ్యాసు కలపకుండా బిళ్లకు 86 పైసలు. కొట్లో రూపాయికి దొరికే మ్యాంగో బైట్ వంటి బిళ్లలతో పోల్చుకుంటే పదిహేను నిమిషాల భుజాల నొప్పికి మిగిలేది పధ్నాలుగు పైసలు, దానికోసం ఎవరూ పొయ్యి వెలిగించనవసరం లేదు. దిగుమతి టాఫీతో పోల్చుకుంటేనే ఇది పొదుపు. ఏడు వాయిలలో పనిముట్లకు, నిలవ సరుకులకు నేను పెట్టిన 1864 రూపాయలలో ముల్లు థర్మామీటరు, సిలికోన్ చాప, విడి గ్లూకోజు, మూడు ఎసెన్సు సీసాలు కలిపి 805 రూపాయలు దండగ కింద రాసుకున్నాను. డిజిటల్ థర్మామీటరుకు ఐదింటికి నాలుగు, సీలు వేసిన గ్లూకోజుకు నాలుగున్నర, అనాస ఎసెన్సుకు నాలుగు, కాగితానికి మూడు మార్కులు ఇస్తాను. నారింజ ఎసెన్సుకు మార్కులు వేయలేను. కమలా తొక్క వాసన చూసిన తరువాత ఆ సీసా మూత తీయాలనిపించలేదు, అలమరలో సీలుతోనే ఉంది.